ఎండతో తాగునీరు: ఫ్లోరైడ్, ఉప్పునీటి ఊళ్లలో డాబా మీద సోలార్ స్టిల్ కట్టుకునే పద్ధతి

బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉందని తెలియగానే చాలా ఇళ్లలో మొదట చేసే పని నీళ్లు కాచి తాగడం. కాస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ మాత్రం ఎక్కడికీ పోదు. పైగా గిన్నెలో నీళ్లు మరిగి తగ్గేకొద్దీ మిగిలినవాటిలో దాని మోతాదు పెరుగుతుంది. ఉప్పునీళ్ల సంగతీ ఇంతే. గిన్నెలోంచి పైకి పోతున్న ఆ ఆవిరిలో ఫ్లోరైడూ ఉండదు, ఉప్పూ ఉండదు. దాన్ని గాలిలోకి పోనివ్వకుండా పట్టి చల్లారిస్తే మంచినీళ్లు. సోలార్ స్టిల్ అనే గాజు మూత పెట్టె చేసేది ఇదే. దీనికి గ్యాస్ అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు, ఎండ చాలు.

ఫ్లోరైడ్ నీళ్ల వల్ల పళ్లు, ఎముకలు పాడయ్యే ఫ్లోరోసిస్ వ్యాధిని మన దేశంలో 1937లో వైద్యులు మొదట నమోదు చేసింది తెలుగు నేల మీదే, నాటి నెల్లూరు జిల్లాలో. అందులోని పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు తర్వాత ప్రకాశం జిల్లాలోకి వచ్చాయి. పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందిస్తే దానికి నల్గొండ పేరే స్థిరపడింది. నల్గొండ పల్లెలకు కృష్ణా నీళ్లు వచ్చాక పరిస్థితి చాలా మారింది. మీ ఊరికీ శుద్ధి చేసిన నది నీళ్లు రోజూ అందుతుంటే ఈ పెట్టెతో మీకు పని లేదు, ఆ నీళ్లే తాగండి. వారానికోసారి ట్యాంకర్ వచ్చే ఊరు, తోట దగ్గర ఒంటరిగా ఉన్న ఇల్లు, దివిసీమ లాంటి చోట్ల బోరు వేస్తే ఉప్పునీళ్లే పడే స్థలం... అలాంటి వాళ్ల కోసం రాస్తున్నాను.

ముందు లెక్క చూసుకోండి

మన ప్రాంతంలో ఏడాది సగటున చదరపు మీటరు మీద రోజుకు పడే ఎండ సుమారు 5 నుంచి 6 యూనిట్ల కరెంటుకు సమానం. ఒక లీటరు నీళ్లు ఆవిరి కావడానికి దాదాపు 0.65 యూనిట్ వేడి కావాలి. ఈ లెక్కన వేడి రవ్వంత కూడా వృథా కాకపోతే చదరపు మీటరుకు 8 లీటర్ల పైన రావాలి. ఇంటి దగ్గర కట్టిన స్టిల్‌లో 2 నుంచి 4 లీటర్లు వస్తాయి. నడి వేసవిలో 4 లీటర్లు వచ్చాయంటే చాలా బాగా కట్టినట్టే. చలికాలం 2 లీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. ముసురు పట్టిన రోజు గ్లాసుడు కూడా రాకపోవచ్చు.

కాబట్టి ఒక పెట్టెతో ఇంటిల్లిపాదికీ సరిపోదు. నలుగురున్న ఇంట్లో తాగడానికీ వంటకీ కలిపి 15 లీటర్ల దాకా కావాలి. వంటను లెక్కలోంచి తీసేయకండి. అన్నం, పప్పు ఉడికిన నీళ్లలోని ఫ్లోరైడ్ కూడా ఒంట్లోకే వెళ్తుంది. మొదటి పెట్టె నీళ్లు ఎనిమిదేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు ఇవ్వండి. పళ్లు చిగుళ్ల లోపల తయారయ్యే వయసులోనే ఫ్లోరైడ్ వాటిని ఎక్కువగా పాడుచేస్తుంది.

ఈ పద్ధతి పనికిరాని నీళ్లు

ఉప్పు, ఫ్లోరైడ్, నైట్రేట్, ఆర్సెనిక్, ఇనుము, కాఠిన్యం... ఇవన్నీ అడుగున ఉండిపోతాయి. నీళ్లతోపాటు ఆవిరయ్యేవాటితోనే ప్రమాదం. పెట్రోలు, కిరోసిన్, సాల్వెంట్లు, కొన్ని పురుగుమందులు ఆవిరితో కలిసి పైకి లేచి గాజు మీద చేరతాయి. ఫ్యాక్టరీ నీళ్లు ఇంకిన బోరు, పురుగుమందు డబ్బాలు కడిగే చోట ఉన్న బావి, రసాయనాల వాసనొచ్చే నీళ్లు దీనికి వాడకండి.

పని మొదలుపెట్టే ముందు బోరు నీళ్లు పరీక్ష చేయించండి. గ్రామీణ నీటి సరఫరా శాఖ, అంటే ఆర్‌డబ్ల్యూఎస్ ల్యాబుల్లో చేస్తారు. జల్ జీవన్ మిషన్ కింద ఇచ్చిన ఫీల్డ్ కిట్ ఉంటే పంచాయతీలో ఫ్లోరైడ్ మోతాదు ఉజ్జాయింపుగా తెలుస్తుంది. మన దేశ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా ఒప్పుకుంటారు. టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన లవణాల మొత్తం, 500 లోపు మంచిది, గత్యంతరం లేకపోతే 2000 వరకు. మీ బోరు అంకెలు ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టుకోండి, తర్వాత వాటితో పని ఉంది.

కొత్త మెటీరియల్స్ ఏం చెబుతున్నాయి

పాతకాలపు స్టిల్ అంటే అడుగున నల్ల రంగు వేసిన తొట్టి, పైన గాజు. ఎండ వేడికి తొట్టిలోని నీళ్లన్నీ కాగాలి, ఆ తర్వాతే ఆవిరి బాగా లేస్తుంది. ఉదయం సగం పూట అలాగే గడిచిపోతుంది. ఆవిరి లేచేది నీటి పైపొర నుంచే అయినప్పుడు నీళ్లన్నిటినీ వేడి చేయడం దేనికి? పదేళ్లకు పైగా సాగిన పరిశోధన అంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

2014లో అమెరికాలోని ఎంఐటీలో గాంగ్ చెన్ బృందం నీళ్ల మీద తేలే రెండు పొరల వస్తువు చేసింది. పైన ఎండను పీల్చే గ్రాఫైట్, కింద వేడిని నీళ్లలోకి దిగనివ్వని కార్బన్ ఫోమ్. మామూలు ఎండను పది రెట్లు కేంద్రీకరించి పరీక్షిస్తే, పడిన వేడిలో 85 శాతం ఆవిరి చేయడానికే ఖర్చయింది. 2018లో ఆస్టిన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీలో గుయీహువా యూ బృందం హైడ్రోజెల్‌తో, అంటే నీళ్లను పీల్చి పట్టి ఉంచే మెత్తటి జెల్‌తో, గంటకు చదరపు మీటరుకు 3.2 కిలోల నీళ్లు ఆవిరి చేసి చూపించింది. మామూలు నీటి ఉపరితలం నుంచి అదే ఎండకు, నష్టమేమీ లేదనుకున్నా, లెక్క ప్రకారం ఒకటిన్నర కిలోకు మించదు.

ఈ అంకెలు చూసి ఆశపడేముందు ఒక సంగతి గుర్తుంచుకోండి. ఇలాంటి అంకెలు ఎక్కువగా తెరిచిన పాత్రను తూకం మీద పెట్టి, ఎంత బరువు తగ్గిందో చూసి లెక్కగట్టినవి. అంటే ఎంత ఆవిరైపోయిందన్న లెక్కే గానీ ఎన్ని నీళ్లు చేతికొచ్చాయన్న లెక్క కాదు. గాజు మూత పెట్టగానే కథ మారుతుంది. గాజు వేడెక్కుతుంది, లోపలి గాలి తేమతో నిండిపోతుంది, ఆవిరి నెమ్మదిస్తుంది, సందుల్లోంచి కొంత జారిపోతుంది. ఇంట్లో కట్టే స్టిల్‌లో ఆవిరి చేయడం తేలిక, దాన్ని పట్టుకోవడమే కష్టం. మీ శ్రద్ధలో సగానికి పైన గాజు, సందులు మూసే సీలు, నీళ్లు పట్టే కాలువ మీదే పెట్టండి.

ఆ పరిశోధనల్లోంచి మనం తీసుకోవాల్సింది సూత్రం ఒక్కటే: పైన నల్లగా, తడిగా ఉండే పొర, దాని కింద వేడిని ఆపే తేలికైన పొర, కింది నుంచి వత్తిలా నీళ్లు లాగే దారి. ఇందుకు నల్ల కాటన్ గుడ్డ, ఈపీఈ ఫోమ్ చాలు. కొత్త టీవీ, ఫ్రిజ్ ప్యాకింగ్‌లో వచ్చే మెత్తటి తెల్ల ఫోమే ఈపీఈ. వీడియోలు చూసి ఇంట్లో హైడ్రోజెల్ చేయాలని మాత్రం ప్రయత్నించకండి. జెల్ గట్టిపడటానికి వాడే గ్లుటరాల్డిహైడ్ లాంటి రసాయనాలు పూర్తిగా కడుక్కుపోయాయో లేదో ఇంట్లో తెలుసుకునే దారి లేదు.

కావాల్సినవి

- 304 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీల్ షీటుతో చేయించిన తొట్టి, దాని చుట్టూ అమర్చే వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ పెట్టె
- బాగా ఎండిన ఊక
- 4 లేక 5 మి.మీ. మామూలు తెల్ల గాజు
- 2 సెం.మీ. మందం ఈపీఈ ఫోమ్, మందపాటి నల్ల కాటన్ గుడ్డ
- అక్వేరియం కట్టడానికి వాడే రకం సిలికాన్ రెండు మూడు ట్యూబులు
- కాలువకు స్టీల్ యు చానల్, ఫుడ్ గ్రేడ్ సిలికాన్ ట్యూబు, ట్యూబు తగిలించే చిన్న స్టీల్ నిపుల్స్
- మూతున్న గాజు సీసా లేదా స్టీల్ క్యాన్, టీడీఎస్ మీటరు

సముద్రం నీళ్లు, బాగా ఉప్పగా ఉన్న నీళ్లు పోసేవాళ్లకు స్టీల్ తొట్టి వద్దు. ఉప్పుకు స్టీల్ మీద గుంటలు పడి, చివరికి చిల్లులవుతాయి. వాళ్లు ఫైబర్ తొట్టి చేయించుకోవాలి. జీఐ రేకు, ఇత్తడి, రాగి ఎవరూ వాడొద్దు. స్టిల్‌లో వచ్చే నీళ్లలో ఏ లవణమూ ఉండదు కాబట్టి తాకిన లోహాన్ని అవి తొందరగా కరిగించుకుంటాయి.

తొట్టి, పెట్టె

చోటు డాబా మీద చూసుకోండి. ఉదయం 8 నుంచి సాయంత్రం 5 వరకు వాటర్ ట్యాంకు నీడ గానీ చెట్టు నీడ గానీ పడకూడదు. గాజు దక్షిణానికి వాలి ఉండాలి. వాలు మీ ఊరి అక్షాంశమంత పెట్టుకుంటే ఏడాది పొడవునా బాగా పనిచేస్తుంది. నల్గొండకు 17 డిగ్రీలు, ఒంగోలుకు పదిహేనున్నర. 10 డిగ్రీలకన్నా తగ్గితే బొట్లు జారకుండా మళ్లీ తొట్టిలోకే రాలిపోతాయి.

17 డిగ్రీల లెక్కన కొలతలు ఇస్తున్నాను. తొట్టి అడుగు తూర్పు పడమరలుగా 120 సెం.మీ., ఉత్తర దక్షిణాలుగా 80 సెం.మీ. దాదాపు చదరపు మీటరు. దక్షిణపు గోడ ఎత్తు 12 సెం.మీ., ఉత్తరపు గోడ 36.5 సెం.మీ. పక్క గోడలు ఈ రెండింటినీ కలుపుతూ ఏటవాలుగా ఉంటాయి. పై అంచును నాలుగు వైపులా 3 సెం.మీ. బయటికి మడిపించండి. గాజు కూర్చునేది ఆ మడత మీదే. షీట్ మెటల్ షాపులో ఈ బొమ్మ గీసి చూపిస్తే చేసిస్తారు. జాయింట్లు ఆర్గాన్ వెల్డింగ్ చేయించండి.

లోపల రంగు వేయొద్దు. వేడికి పెయింటు వాసన ఆవిరితో కలిసి నీళ్లలోకి వస్తుంది. మెరిసే గోడలు మంచివే, వాటి మీద పడిన ఎండ తిరిగి గుడ్డ మీదికి వెళ్తుంది.

తొట్టికి మూడు రంధ్రాలు కావాలి. ఉత్తరపు గోడలో పైన నీళ్లు పోసే రంధ్రం, అడుగున ఒక మూల డ్రెయిన్, పక్క గోడలో అడుగు నుంచి 4 సెం.మీ. ఎత్తున ఓవర్‌ఫ్లో. ఈ మూడోదాన్ని ఎవరు వద్దన్నా పెట్టించండి. పొరపాటున నీళ్లు ఎక్కువ పోసినా బోరు నీళ్లు మంచినీటి కాలువలోకి ఎక్కకుండా కాపాడేది అదే. డ్రెయిన్‌కు కుళాయి బిగించండి. పోసే రంధ్రానికీ ఓవర్‌ఫ్లో గొట్టానికీ బిరడాలు పెట్టి, నీళ్లు పోసేటప్పుడే తీయండి. తెరిచి ఉంచితే ఆవిరంతా అటే పోతుంది.

ప్లైవుడ్ పెట్టె తొట్టికన్నా అన్ని వైపులా 7 సెం.మీ. పెద్దదిగా ఉండాలి. మధ్య ఖాళీలో ఊక దట్టంగా కూరండి. చాలామంది అడుగున మాత్రం పోసి గోడలను వదిలేస్తారు. గోడ చల్లగా ఉంటే ఆవిరి దాని మీదే నీరై మళ్లీ తొట్టిలోకి జారుతుంది, మీకు దక్కదు. గోడలు వేడిగా, గాజు ఒక్కటే చల్లగా ఉండాలి. ఊకకు తడి తగిలితే కుళ్లుతుంది కాబట్టి పెట్టె బయట ప్రైమరు, తెల్ల పెయింటు వేసి, కింద నాలుగు ఇటుకల మీద నిలబెట్టండి. బయట పెయింటు వేస్తే ఇబ్బంది లేదు.

అమర్చాక రసమట్టంతో సరిచూడండి. తొట్టి తూర్పు పడమరలుగా ఒక్క సెంటీమీటరు ఒరిగినా ఒక పక్క నీళ్లు లోతుగా, మరో పక్క పలచగా ఉండి గుడ్డ ఎండిపోతుంది.

నల్ల పట్టీలు

ఫోమ్‌ను 14 సెం.మీ. వెడల్పు, 115 సెం.మీ. పొడవున్న ఐదు పట్టీలుగా కోయండి. నల్ల గుడ్డను ముందు రెండుసార్లు వేడి నీళ్లలో నానబెట్టి, గంజి, వదులు రంగు పోయేదాకా ఉతకండి. సబ్బు వాసన మిగలకూడదు. ఆ గుడ్డను ప్రతి పట్టీ చుట్టూ రెండు మడతలు బిగుతుగా చుట్టి, కింది వైపున కాటన్ దారంతో కుట్టేయండి. జిగురు వాడొద్దు.

తొట్టిలో 3 సెం.మీ. లోతు నీళ్లు పోస్తే సుమారు 29 లీటర్లు పడతాయి. ఐదు పట్టీలనూ పక్కపక్కన తేలనివ్వండి. మధ్య వేలు దూరేంత సందు ఉండాలి. గుడ్డ రెండు అంచుల నుంచీ నీళ్లు లాగుతుంది, మధ్యకు ఏడు సెంటీమీటర్లే ప్రయాణం కాబట్టి ఎండలో కూడా పైభాగం తడి ఆరదు. ఆవిరైనప్పుడు గుడ్డలో మిగిలిన ఉప్పు ఆ అంచుల గుండానే తిరిగి నీళ్లలోకి దిగుతుంది. ఒకే పెద్ద షీటు పరిస్తే ఈ దారి ఉండదు. నాలుగు రోజులకే నడుమ తెల్లటి ఉప్పు పేరుకుని, నల్ల గుడ్డ తెల్లబడి ఎండను వెనక్కి కొట్టేస్తుంది. పట్టీలుగా చేయమనేది అందుకే.

పట్టీలను వేసిన రోజు మధ్యాహ్నం పన్నెండు గంటలకు ఒకసారి గాజులోంచి గమనించండి. గుడ్డంతా ఒకే నలుపులో, తడి మెరుపుతో ఉంటే సరే. ఎక్కడైనా బూడిదరంగు మచ్చలా పాలిపోయి కనిపిస్తే అక్కడికి నీళ్లు చేరడం లేదు. అక్కడ గుడ్డ ఫోమ్‌కు వదులుగా ఉందో, కుట్టు దగ్గర నీళ్లకు అందడం లేదో చూసి బిగించండి. ఆరిన చోట ఫోమ్ వేడెక్కి మెత్తబడుతుంది కూడా.

కాలువ

దక్షిణపు గోడ లోపలివైపు, అడుగు నుంచి 7 సెం.మీ. ఎత్తున యు చానల్‌ను సిలికాన్‌తో అంటించండి. ఒక చివర 8 సెం.మీ., మరో చివర 7 సెం.మీ. ఉంటే నీళ్లు దిగువకు పారతాయి. దిగువ చివర నిపుల్ పెట్టి, సిలికాన్ ట్యూబు తగిలించి బయటికి తీయండి. ట్యూబును సీసాలోకి వదిలే ముందు యు ఆకారంలో ఒక వంపు తిప్పి కట్టండి. వంపులో నిలిచే కాసిని నీళ్లే తలుపులా పనిచేస్తాయి, లోపలి ఆవిరి బయటికి పోదు, చీమలు, దోమలు లోపలికి రావు.

గాజు మీది నీళ్లు కాలువలో పడటానికి ఇంకో చిన్న పని ఉంది. గాజు అడుగు మీదుగా జారే నీటిపొర కాలువ పైకి వచ్చాక అక్కడ ఆగదు, అంచు దాకా పోయి గోడ సందులో ఇంకిపోతుంది. గాజు లోపలి వైపు, సరిగ్గా కాలువ మీదికి వచ్చే చోట, ఆ చివరి నుంచి ఈ చివరికి సిలికాన్‌తో సన్నటి గట్టు గీయండి. పొర ఆ గట్టు దగ్గర ఆగి బొట్లుగా కాలువలోకి రాలుతుంది.

గాజు, సీలు

తొట్టి చేతికొచ్చాకే గాజు కొలత తీసుకోండి. పై లెక్కకు 126 × 90 సెం.మీ. దగ్గర వస్తుంది. 4 మి.మీ. గాజే 11 కిలోలకు పైన ఉంటుంది, ఎత్తడానికి ఇద్దరుండాలి. అంచులు అరగదీయించండి. కోతుల బెడద ఉన్న ఊళ్లలో 5 మి.మీ. టఫెన్డ్ గాజు తీసుకోవడం మేలు. దాన్ని తర్వాత కోయడం కుదరదు కాబట్టి కొలతలో తేడా రాకూడదు. ఖర్చు తగ్గుతుందని ప్లాస్టిక్ షీటు వేయకండి. ప్లాస్టిక్ మీద నీళ్లు పొరలా పరుచుకోవు, లావు బొట్లుగా వేలాడి ఉన్నచోటే రాలిపోతాయి.

కొత్త గాజు మీద నూనె జిడ్డు ఉంటుంది. గిన్నెలు తోమే లిక్విడ్‌తో కడిగి, తర్వాత వంటసోడా ముద్దతో రుద్ది, మంచినీళ్లతో కడగండి. శుభ్రమైన గాజుకూ జిడ్డు గాజుకూ తేడా ఎండెక్కిన గంటలో తెలుస్తుంది. జిడ్డు ఉంటే లోపలంతా పాలు చల్లినట్టు తెల్లటి సన్న బొట్లు కమ్ముకుంటాయి, కిందున్న పట్టీలు కనిపించవు. ఆ బొట్లు ఎండను కూడా చెదరగొడతాయి. శుభ్రంగా ఉంటే నీళ్లు పల్చటి పొరలా పరుచుకుని గాజు దాదాపు తేటగా ఉంటుంది, నీళ్లు చారలు చారలుగా కిందికి జారతాయి.

గాజును శాశ్వతంగా అంటించేయొద్దు, పట్టీలు ఉతకడానికి తీయాల్సి ఉంటుంది. తొట్టి మడత అంచు మీద చుట్టూ తెగకుండా లావుగా సిలికాన్ గీయండి. దాని మీద పల్చటి ప్లాస్టిక్ కవరు పరిచి, గాజును నెమ్మదిగా ఆనించి, ఒక రోజు అలాగే ఉంచండి. మర్నాడు గాజు ఎత్తి కవరు లాగేస్తే మీ గాజుకు అచ్చుగుద్దినట్టు సరిపోయే సిలికాన్ గ్యాస్కెట్ తయారై ఉంటుంది. ఇక గాజు పెట్టి నాలుగు వైపులా క్లిప్పులు బిగిస్తే చాలు.

ఆవిరి ఎక్కడైనా పోతోందేమో చూడటానికి ఫ్రిజ్‌లో పెట్టిన స్టీల్ గ్లాసు తీసుకుని, మంచి ఎండలో సీలు వెంబడి మెల్లగా జరపండి. సందు ఉన్నచోట గ్లాసు మీద చటుక్కున మంచు పడుతుంది. అక్కడ క్లిప్పు బిగించండి, లేదంటే సిలికాన్ అద్దండి. వేలితో తడిమితే తెలియని సందు కూడా ఇలా దొరుకుతుంది.

మొదటి వారం నీళ్లు తాగొద్దు

కొత్త సిలికాన్, ఫోమ్, గుడ్డ అన్నీ వేడికి కొంత వాసన వదులుతాయి. వారం రోజులు స్టిల్‌ను మామూలుగా నడిపి, వచ్చిన నీళ్లు ఇన్వర్టర్ బ్యాటరీకో, బట్టలు ఉతకడానికో వాడండి. ఆ తర్వాత కూడా వెనిగర్ లాంటి వాసన గానీ ప్లాస్టిక్ రుచి గానీ ఉంటే ఇంకొన్ని రోజులు ఆగండి.

తర్వాత టీడీఎస్ మీటరు ముంచండి. బాగా కట్టిన స్టిల్ నీళ్లలో 50 లోపే ఉంటుంది. మీటరు ఫ్లోరైడ్‌ను విడిగా చూపించదు, కానీ నోట్‌బుక్‌లోని అంకెలతో అంచనా కట్టవచ్చు. బోరు నీళ్ల టీడీఎస్ 1200, ఫ్లోరైడ్ 4 అనుకోండి. స్టిల్ నీళ్లలో టీడీఎస్ 24 వచ్చింది. అంటే బోరు నీళ్లు 2 శాతమే కలిశాయి, అప్పుడు ఫ్లోరైడ్ 0.08 మిల్లీగ్రాము దగ్గర ఉంటుంది. ఇది ఉజ్జాయింపు. తాగడం మొదలుపెట్టే ముందు ఒక్కసారైనా ల్యాబులో ఫ్లోరైడ్ పరీక్ష చేయించండి.

ఉన్నట్టుండి ఒక రోజు మీటరు 200, 300 చూపిస్తే ఆ నీళ్లు పారబోయండి. నీళ్లు పోసేటప్పుడు కాలువలోకి చింది ఉంటాయి, లేదా కాలువ సిలికాన్ ఊడి ఉంటుంది. క్రిములనూ పురుగుమందులనూ ఈ మీటరు పట్టుకోలేదు.

రోజువారీ పని

పొద్దున్నే, ఎండెక్కకముందు, సీసా తీసి నీళ్లు కొలిచి రాసుకోండి. సూర్యుడు దిగాక కూడా గాజు చల్లబడి రెండు మూడు గంటలు నీళ్లు వస్తాయి కాబట్టి సాయంత్రం కన్నా పొద్దున తీయడమే మంచిది. ఎన్ని నీళ్లు వచ్చాయో అన్ని బోరు నీళ్లు తొట్టిలో పోయండి, నిదానంగా, చిందకుండా. గాజు బయటి వైపు తడి గుడ్డతో తుడవండి. వేసవి దుమ్ము పొర మందంగా పడితే రాబడి ఎంత పడిపోతుందో మీ నోట్‌బుక్కే చెబుతుంది.

వారానికోసారి తొట్టి ఖాళీ చేయాలి. రోజుకు 3 లీటర్ల చొప్పున తీసి పోస్తుంటే ఏడో రోజుకు తొట్టిలో లవణాలు మొదటికన్నా సుమారు 1.7 రెట్లవుతాయి. డ్రెయిన్ తెరిచి మొత్తం వదిలేసి కొత్త నీళ్లు నింపండి. వదిలిన నీళ్లు పెరట్లో మొక్కలకు పోయకండి, బాత్రూమ్ కడగడానికి వాడండి. తొట్టి ఎప్పుడూ పొడిగా ఎండలో ఉండకూడదు. నాలుగు రోజులు ఊరెళ్తుంటే గాజు మీద గోనె పట్టా కప్పి వెళ్లండి.

రెండు మూడు నెలలకోసారి గాజు ఎత్తి పట్టీలను బయటికి తీయండి. గుడ్డ మీద పేరుకున్న గట్టి తెల్లపొర నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో నానబెడితే కరుగుతుంది. బాగా జాడించి మళ్లీ వేయండి. తొట్టిలో బ్లీచింగ్ పౌడర్ వేయొద్దు, క్లోరిన్ ఆవిరితో పైకి వస్తుంది.

తాగేముందు

స్టిల్ నీళ్లలో ఖనిజాలు ఉండవు, రుచి చప్పగా ఉంటుంది. మామూలు తిండి తినేవారికి దానివల్ల పెద్ద నష్టం లేదు. రుచి కోసం, పరిమాణం పెంచుకోవడం కోసం కొంచెం బోరు నీళ్లు కలుపుకోవచ్చు, లెక్క తప్పకూడదు. ఫ్లోరైడ్ 4 ఉన్న బోరు నీళ్లు 1 లీటరు, స్టిల్ నీళ్లు 7 లీటర్లు కలిపితే 8 లీటర్లలో ఫ్లోరైడ్ 0.5 దగ్గరికి వస్తుంది. మన ఎండలకు నీళ్లు ఎక్కువ తాగుతాం కాబట్టి 1 దాకా పోకుండా 0.5 దగ్గరే ఆపండి. కలిపే బోరు నీళ్లను కొలిచే ముందే కాచి చల్లార్చండి. పసిపిల్లల కోసం అయితే ఏమీ కలపకండి.

నిల్వకు మూత బిగుతుగా ఉండే స్టీల్ డ్రమ్ము, దానికి కుళాయి. గ్లాసు ముంచి తీసే అలవాటు వద్దు. ఎంత శుభ్రమైన నీళ్లయినా చెయ్యి పడితే పాడవుతాయి.

వానాకాలం

ముసురు రోజుల్లో స్టిల్ పడుకుంటుంది, కానీ దాని గాజు పడుకోదు. గాజు దిగువ అంచు బయట ఇంకో కాలువ తగిలిస్తే పైన పడిన వాన నీళ్లు అందులోకి వస్తాయి. 700 మి.మీ. వాన కురిస్తే చదరపు మీటరు మీద 700 లీటర్లు. వాన నీళ్లలో ఫ్లోరైడ్ సమస్య లేదు. మొదటి పది నిమిషాల వాన వదిలేసి, తర్వాతవి పట్టి, గుడ్డతో వడగట్టి, కాచి తాగండి. డాబా మొత్తం మీద పడే వానను ట్యాంకులోకి పట్టే వీలుంటే అది ఇంకా గొప్ప పని. ఆ ట్యాంకు నిండిన నెలల్లో స్టిల్‌కు సెలవిచ్చి పట్టీలు ఉతికి ఆరబెట్టుకోవచ్చు.

ఒకటి నుంచి నాలుగుకు

స్టిల్‌ను పెద్దదిగా కట్టడం కన్నా ఇలాంటివే ఇంకో రెండు మూడు పక్కన పెట్టుకోవడం సుఖం. ఒకదాని గాజు పగిలినా మిగతావి నడుస్తాయి. 1872లో చిలీలోని లాస్ సాలినాస్‌లో గనుల దగ్గర కట్టిన స్టిల్ సుమారు 4,700 చదరపు మీటర్లది. ఉప్పునీళ్ల నుంచి రోజుకు 20 వేల లీటర్లకు పైగా మంచినీళ్లు ఇస్తూ అది దశాబ్దాల పాటు పనిచేసింది. అదీ ఒకే పెట్టె కాదు, వరుసలు వరుసలుగా పేర్చిన విడివిడి తొట్లే. మన దేశంలో భావ్‌నగర్‌లోని కేంద్ర ఉప్పు, సముద్ర రసాయనాల పరిశోధన సంస్థ 1970లలోనే గుజరాత్ పల్లెల్లో ఇలాంటివి కట్టి చూపింది.

రెండో పెట్టెకు వెళ్లే ముందు మొదటిదాన్ని ఒక వేసవీ ఒక చలికాలమూ నడపండి. నోట్‌బుక్‌లో రోజూ మూడు అంకెలే రాయండి: వచ్చిన లీటర్లు, టీడీఎస్, ఆ రోజు ఎండా మబ్బా. మంచి ఎండలో కూడా రాబడి పడిపోతే ముందు గాజు జిడ్డు చూడండి, తర్వాత చల్లటి గ్లాసుతో సీలు చూడండి, ఆ తర్వాతే గుడ్డ సంగతి. ఏడాదికోసారి, మాఘమాసంలో, ఎండలు ముదరకముందే, పట్టీల గుడ్డ మార్చి, ఊక తడిసిందేమో చూసి, గ్యాస్కెట్ చీలికలు సరిచేసి, ల్యాబుకు ఒక సీసా నీళ్లు పంపండి.